బావ జాగల ఆడిన చలికాలం

మా దిక్కు రగ్బీ అంటే ఇప్పటికీ చాలామందికి తెల్వది. కరీంనగర్ కాలేజీ గ్రౌండుల మేం ఆడుతుంటె, వాకింగుకు వచ్చినోళ్లు జరసేపు నిలబడి చూసి, "గిది కబడ్డీనా, ఫుట్‌బాలా?" అని అడుగుతరు. రెండూ కాదంటే నవ్వుకుంట పోతరు. నేను ఇంటర్ చదివేటప్పుడు మా పీఈటీ సార్ యాడికెళ్లో గుడ్డు ఆకారం బాల్ ఒకటి తెచ్చి మా మీదికి ఇసిరిండు. పట్టుకోబోతే నేలకు తాకి ఎటో ఎగిరిపోయింది. ఇంకోపారి ఇసిరితే ఇంకో దిక్కు పోయింది. ఆ బాల్ ఎటు ఎగురుతదో తెల్సుకుందామని పోయి, ఇన్నేండ్లయినా అక్కన్నే ఉండిపోయిన.

చదువు నాకు అంతగ అబ్బలే. డీసీఎం వ్యాను కొనుక్కొని కిరాయిలకు నడుపుకుంట బతుకుతున్న. మక్కలు, సిమెంటు, పెండ్లి సామాన్లు, ఏది దొరికితే అది ఏసుకపోత. ఆటను మాత్రం ఇడ్వలే. సార్ కాడ నేర్చుకున్నోళ్లమే పెద్దగయినంక కరీంనగర్ జట్టు పెట్టుకున్నం. మా జట్టుల ఒకడికి జమ్మికుంటల కొలువు దొరికితే ఆడికి పోయి ఇంకో జట్టు తయారు చేసిండు. తర్వాత వేములవాడల ఒకటి పుట్టింది. అసలైతే పదిహేనుమంది ఆడాల్సిన ఆట ఇది. అంతమంది మాకు ఎన్నడూ కలిసిరాలే గన్క పదిమందితోనే ఆడుకుంటం.

లీగు అని పెద్ద పేరు పెట్టుకున్నం గని, దసరా పోయినంక మొదలుపెట్టి, ఎండలు ముదిరేదాక ఒక ఊరోళ్లు ఇంకో ఊరికి పోయి ఆడుడు, ఆటయినంక ఆ ఊరోళ్లు పెట్టింది తినుడు, గంతే. మా జట్టుల సగంమందిమి చర్చికి పోయేటోళ్లం, ఐతారం పొద్దుగాల ఆడుడు కుదరది. వేములవాడోళ్లకేమో ఐతారం పొద్దుమూకిందంటే సోమారం మొక్కులకు వచ్చే జనంతోని దుకాండ్లు నిండుతయి. అందుకే ఇద్దరికీ నడుమ, తిన్నది అరగక ముందే మధ్యాహ్నం ఆట పెట్టుకునుడు అలవాటయింది. నా డీసీఎం ఎనుక చాపలు పరుచుకొని కూసుంటే జట్టు మొత్తం పడ్తది.

మూడు జట్లతోని ఒక తంటా ఉండె. రెండు ఆడుతుంటె ఒకటి ఖాళీగ కూసోవాలె. "నాలుగోది కావాలెరా, నాలుగోది ఉంటేనే లీగు" అని సార్ కలిసినప్పుడల్ల అంటుండె. ఆ నాలుగో జట్టు మా బావతోని వచ్చింది.

మా అక్కను ఆదిలాబాద్ ఇచ్చినం. బావ అక్కడ జిన్నింగ్ మిల్లుల సూపర్‌వైజర్. రైతులు తెచ్చిన పత్తి దించుకునుడు కాన్నుంచి, గింజ వేరుచేసి, దూది బేళ్లు కట్టి, లారీకి ఎత్తేదాక అన్నీ ఆయన కండ్ల ముందటనే కావాలె. సీజన్‌ల కిరాయి బండి నడుపుకుంట ఊర్లల్లకెళ్లి పత్తి కూడ తనే తెస్తడు. మనిషి పొట్టి, మెడ లావు, జబ్బలు దర్వాజకు అడ్డం పడేంత ఎడల్పు. పెండ్లికి ముందు కబడ్డీ ఆడేటోడు. పెండ్లయినంక పొట్ట పెంచిండు. మాటలు మస్తు మాట్లాడుతడు.

అక్క చిన్నబిడ్డ బాప్తిస్మం కరీంనగర్‌ల మా చర్చిలనే చేసినం. అందరు తిని కూసున్నంక నేను ఆటకు లేచిన. బావ కూడ ఎంబడి వచ్చిండు. ముందు దినం వాన పడి గ్రౌండంత బురద. బావ ఒడ్డుకు నిలబడి, తెల్ల అంగికి బురద అంటకుండ ఎనుకకు జరుక్కుంట చూసిండు. ఆట నడుమ నేను నీళ్లకొస్తే ఆపిండు.

"గిదేం ఆట బామ్మర్దీ? మనిషేమో ముందటికి ఉరకాలె, బాల్ మాత్రం ఎనుకకే ఇయ్యాలెనా?"

"అవును బావా. ముందటికి ఇసిరితే తప్పు."

"మరి ముందటికి బాల్ ఎట్ల పోతది?"

"మనిషే మోసుకపోవాలె. ఎదుటోళ్లు పట్టుకుంటరు. పడేలోపల ఎనుకున్నోనికి ఇయ్యాలె."

"అంటే, ఎనుక మనోడు ఉన్నడన్న ధీమాతోని ఉరకాలె."

"గదే."

బావ గ్రౌండు దిక్కు ఒకపారి చూసిండు. తర్వాత చెప్పులు ఇడిచి, ప్యాంటు మోకాళ్లదాక మడుచుకుంట, "నన్నొకపారి పెట్టి చూడు" అన్నడు. వద్దంటే ఇనలే. పెట్టినం. మొదటి బాల్ పట్టుకోంగనే గోడకు గుద్దినట్టు మా ముగ్గురిని గుద్దుకుంట పోయి బురదల బోర్లపడ్డడు. లేచినంక మొఖంల పండ్లు తప్ప ఏం కనవడలే. ఇంటికి పోయినప్పుడు అక్క దర్వాజల నిలబడి ఆయన్ను కిందికెళ్లి మీదిదాక చూసింది.

"బాప్తిస్మం బిడ్డకా, నీకా?" అన్నది.

చుట్టాలందరు నవ్విన్రు. బావ కూడ నవ్విండు. గని నెల తిరగకముందే ఆదిలాబాద్ నుంచి ఫోన్ చేసి, "బామ్మర్దీ, తొమ్మిదిమంది అయిన్రు. పదోవాణ్ని ఎతుకుతున్న" అన్నడు.

ఆయన జట్టుల ఎక్కువ మిల్లుల లోడింగ్ చేసేటోళ్లే. ఇద్దరు ఆటో నడిపేటోళ్లు, బ్యాంకుల పనిచేసే ఒకాయన. మొదటి ఏడు అందరి చేతుల్ల ఓడిన్రు. కబడ్డీ అలవాటు పోక, ఒకాయన మావోణ్ని ముట్టి, పాయింటు వచ్చిందనుకొని ఎనుకకు తిరిగి ఉరికిండు. వాళ్ల గ్రౌండు మిల్లు ఎనుక ఉన్న నల్లరేగడి బీడు. వానపడితే కాళ్లు దిగబడ్తయి, ఎండిపోతే రాయి లెక్క గట్టిపడ్తది. ఆట అయినంక అక్కోళ్లింట్ల తిండి. మొదటిసారి అక్క ఒక్కతే అందరికీ జొన్నరొట్టెలు కొట్టి, ఆఖరుకు పీట మీదికెళ్లి లేచి, "ఆట మీది. పొయ్యికాడ నేనొక్కదాన్నెందుకు? వచ్చేసారి పిండి మీరే పిసుకాలె" అన్నది. అట్ల, ఆదిలాబాద్‌ల ఆటంటే ఆటకు ముందు మగోళ్లు రొట్టెలు కొట్టుడు రివాజయింది. మంచిగనే కొట్టేటోళ్లు.

రెండో ఏడు పత్తి సీజన్ మొదలైన దినాల్లనే ఆదిలాబాదోళ్లు కరీంనగర్ వచ్చిన్రు. అప్పటికి వాళ్లు గట్టిపడ్డరు. ఆట రెండో సగంల బావ బాల్ తీసుకొని, దాటి నేలకు ఆనిస్తే పాయింట్లొచ్చే మా గీత దిక్కు ఉరికొస్తుండు. అడ్డం నేనొక్కణ్నే ఉన్న. ఆయన నవ్వుతుండు కూడ. నేను వంగి, నడుము కాడ చేతులేసి, భుజంతోని ఎత్తి పక్కకు పడేసిన. సార్ మాకు ఎట్ల నేర్పిండో అట్లనే పట్టుకున్న. బావ పడేటప్పుడు చెయ్యి చాపి నేల మీద ఆనించిండు. టక్కుమని చప్పుడైంది. ఆ చప్పుడు నా చెవి పక్కపొంటే వినవడ్డది.

మెడకు భుజానికి నడుమ ఉండే ఎముక ఇరిగింది. దవాఖానల డాక్టర్ ఫొటో తీసి చూసి, ఆపరేషన్ అక్కర లేదు, పట్టీ కట్టి కదలకుండ ఉంచితే అదే అతుక్కుంటది, గని ఈ సీజన్ ఆటగీట పెట్టుకోవద్దు అన్నడు. అదే దినం రాత్రికి అక్క బస్సు దిగింది. బావ చేతి పట్టీ చూసింది, మొఖం చూసింది, తర్వాత నా దిక్కు తిరిగింది.

"నువ్వేనట గద."

"నేనే అక్కా."

సార్ మా ఎంబడే ఉన్నడు. ఆ దినం రిఫరీ ఆయన్నే. అక్క ఆయన్ను అడిగింది. "సార్, వీడు తప్పు చేసిండా?"

"లేదమ్మా. మంచిగనే పట్టుకున్నడు. మీ ఆయన పడుడే తప్పు పడ్డడు. చెయ్యి దగ్గరికి ముడుచుకోవాల్సింది, చాపిండు."

"అయితే తిట్టుడు కూడ కుదరది" అని అక్క కుర్చీల కూసున్నది. తిడితేనే బాగుండు అనిపించింది నాకు. తర్వాత తనే అన్నది. "పత్తి దిగుడు మొదలైంది తమ్మీ. ఒక్క చేత్తోని ఈయన బండి నడుపలేడు. ఊర్లల్లకు పోయి పత్తి తెచ్చుడు, మిల్లుకు చేర్చుడు ఎట్లయితది? నీ డీసీఎం తీసుకొని రా. ఎట్లాగు నువ్వు కిరాయిలకు తిరుగుతవు. ఈడ తిరిగేది ఆడ తిరుగు."

"వస్త అక్కా."

మంచం మీద బావ అటు మొఖం పెట్టుకొని పండుకున్నడు. నిద్రపోయిండనుకున్నం. అటు మొఖం పెట్టుకొనే అన్నడు. "నేను లేకపోతే తొమ్మిదిమందే అయితరు. నా జాగల నువ్వే ఆడు."

ఆ మాట మీద మా లీగుల చిన్న పంచాయితీ నడిచింది. జమ్మికుంట, వేములవాడోళ్లు సరే అన్నరు. మా కరీంనగర్ కెప్టెన్‌కే మనసున పట్టలే. వాడు నేను ఒక్క బెంచీ మీద కూసొని చదువుకున్నోళ్లం.

"మన మీద కూడ ఆడుతవా?" అని అడిగిండు.

"ఆడాల్సొస్తే ఆడాలె గద."

"నీ ఇష్టం" అని బండి స్టార్ట్ చేసుకొని పోయిండు. గా మాటల కోపం ఉన్నదో, బాధ ఉన్నదో నాకు అర్థం కాలే. వారం రోజుల్లనే నేను జగిత్యాల, నిర్మల్ మీదికెళ్లి ఆదిలాబాద్ పోయిన. ఘాట్ ఎక్కుతుంటె చలి మొదలైంది. మా దిక్కు చలి చలే కాదని అక్కడికి పోయినంకనే తెల్సింది.

అక్కోళ్లింట్ల ముందటి అర్ర నాకిచ్చిన్రు. బావ వాళ్ల అవ్వ అటు మరాఠీ ఊర్లల్ల పుట్టిన మనిషి. తెలుగు మాట్లాడుతది గని, సంతోషమొచ్చినా కోపమొచ్చినా మరాఠీలకు పోతది. పొద్దుగాల లేచి కొడుకు భుజం మీద చెయ్యిపెట్టి మరాఠీల ప్రార్థన చేసేది. నేను ఆ పక్కపొంటి పోతుంటె నా తలమీద కూడ చెయ్యి పెట్టేది. "ఈనె ఇరగ్గొట్టిండు అవ్వా" అని బావ నవ్వుకుంట చెప్తే, "అందుకే పెడుతున్న" అన్నది.

పని మంచిగనే కుదిరింది. పొద్దుగాల మంచు ఇడువకముందే ఊర్లల్లకు పోతుంటి. రైతుల ఇండ్లముందట పత్తి కుప్పలు పోసి ఉంటయి. బండి నిండ తొక్కితొక్కి నింపి, మీద తాడు కట్టి, మిల్లుకు తెచ్చేది. మిల్లుల గాలినిండ దూది పొగలెక్క తేలుతుంటది. కనుబొమ్మలకు, మీసాలకు అంటుకుంటది. ఇంటికి పోతే అక్క పిల్లలు నన్ను చూసి ముసలోడైండని నవ్వేటోళ్లు.

ఆటనే కుదురలే.

పొద్దుమూకేటప్పుడు మిల్లు ఎనుక బీడుల ప్రాక్టీసు. బావ చెయ్యి మెడకు కట్టుకొని ప్లాస్టిక్ కుర్చీల కూసొని ఒర్రుతుంటడు. జట్టోళ్లు నన్ను చెడ్డమాట ఏం అనలే. గని ఎవలూ నాతోని మాట్లాడలే, నాకు బాల్ ఇయ్యలే. వాళ్ల కెప్టెన్ ఎముక ఇరగ్గొట్టినోడు వచ్చి వాళ్ల కెప్టెన్ జాగల నిలబడ్డడు. వాళ్ల జాగల నేనున్నా అంతే. నన్ను పేరుతోని కూడ పిలువలే. "ఏ కరీంనగర్, జరుగు." "కరీంనగర్, అటు నిలబడు." గంతే.

బావ ఆడేది ముందు వరుసల. స్క్రమ్ అని ఒకటుంటది మా ఆటల. రెండు జట్ల ముందు వరుసలు ఒకదానికొకటి తలలు ఇరికిచ్చుకొని, భుజాలు ఆనించి, ఎనుకున్నోళ్లు తొయ్యంగ బలం చూసుకుంటరు. ఒకే వరుసల ఉన్న ముగ్గురు ఒకరి అంగి ఒకరు గట్టిగ పట్టుకోవాలె. ఒకటే మనిషి లెక్క కావాలె. లేకపోతే వరుస కూలి మెడలు ఇరుగుతయి. నడుమ నిలబడేటోడు మిల్లుల బేళ్లు ఎత్తే మనిషి, నాకంటె పెద్దోడు, గడ్డం సగం నెరిసింది. ఆయన నా అంగిని రెండు ఏళ్లతోని పట్టుకునేటోడు, తడిబట్ట ఎత్తినట్టు. తొయ్యంగనే మేం ఇడిపోయేటోళ్లం. వేములవాడోళ్లతోని ఆడినప్పుడు ఆట మొత్తం గట్లనే ఇడిపోయినం. ఘోరంగ ఓడినం.

తప్పు ఆయనది ఒక్కనిదే కాదు. ఆ దినం తిరిగొచ్చినంక బావ నన్ను అరుగు మీద కూసోబెట్టి చాయ తాగుకుంట అడిగిండు.

"ఏమైంది నీకు?"

"నాతోని వాళ్లు కలుస్తలేరు బావా."

"వాళ్ల సంగతి కాదు. నీ సంగతి. ఇయ్యాల నీ ముందటికెళ్లి ముగ్గురు పోయిన్రు. నువ్వు పట్టుకుంటలేవు బామ్మర్దీ, ముట్టుకుంటున్నవు."

నిజమే. ఎదుటోడు ఉరికొస్తుంటె నాకు టక్కుమన్న ఆ చప్పుడు వినవడేది. చేతులు ముందటికి పోయేటివి, భుజం పోకపోయేది. ఆ సంగతి చెప్పిన. ఆయన ఇని, కట్టుకున్న చేతిని జర సదురుకున్నడు.

"నాకు నొచ్చింది ఆ దినం. మస్తు నొచ్చింది. గని నువ్వు నన్ను జాలిపడి ఇడిచిపెడితే ఇంకా ఎక్కువ నొచ్చేది. నేను ఊకెనే ఉరికొస్తున్ననా నీ మీదికి? పట్టుకుంటవనే ఉరికొచ్చిన."

"చెప్తే అయితదా బావా. లోపలికెళ్లి రావాలె."

"వస్తది తియ్యి. ఫికర్ చెయ్యకు" అన్నడు. ఎట్ల వస్తదో మాత్రం చెప్పలే. ఆయనకు కూడ తెల్వదనుకుంట.

ఆ తర్వాత కొన్నొద్దులకు కాలంగాని కాలంల వాన పడ్డది. నేను ఒక ఊరి నుంచి పత్తి నింపుకొని వస్తున్న. తాడిపత్రి కప్పి ఉంచిన గన్క సరుకు తడువలే గని, రోడ్డుకు రావాల్సిన అడ్డతొవ్వల నల్లమట్టి తేలి ఎనుక టైర్లు దిగబడ్డయి. రేసు పెడితే ఇంకింత కిందికి పోయింది. బావకు ఫోన్ చేసిన. "నువ్వు అక్కన్నే ఉండు" అన్నడు. గంట గడిచినంక రెండు ఆటోలు వచ్చి రోడ్డు మీద ఆగినయి. దాంట్లకెళ్లి మా జట్టు మొత్తం దిగింది. బావ కూడ వచ్చిండు, తలమీద ప్లాస్టిక్ కవరు పెట్టుకొని.

మొదట తలో దిక్కు నిలబడి తోసిన్రు. బండి కదల్లే. ఒకడు బురదల కూలబడ్డడు. అందరు మాటలు మొదలుపెట్టిన్రు. కట్టెలు పెడుదామని ఒకలు, ట్రాక్టర్ తెద్దామని ఒకలు. బావ రోడ్డు మీదికెళ్లి ఒర్రిండు. "అరేయ్! దినాం నేర్పుతున్నది ఏంది మీకు? స్క్రమ్ కట్టున్రి!"

అందరు ఒక్క చణం మొఖాలు చూసుకున్నరు. తర్వాత నవ్వు మొదలైంది. బండిని బ్యాంకాయన చేతికిచ్చి నేను కూడ కిందికి దిగిన. గడ్డపాయన నడుమ, నేను ఆయన పక్కకు, అవుతల ఒకలు, మిగిలినోళ్లు మా ఎనుక. డీసీఎం ఎనుక తలుపుకు భుజాలు ఆనించినం. ఆయన నా నడుము మీదికెళ్లి చెయ్యేసిండు. బురద చేతులు జారిపోతున్నయి. ఇంకోపారి ఏసి అంగిని పిడికిటి నిండ పట్టుకున్నడు. "నువ్వు గూడ పట్టు తమ్మీ. గట్టిగ పట్టు" అన్నడు. అప్పటిదాక ఆయన నోట్లకెళ్లి నాకు తమ్మీ అన్న మాట రాలే.

పట్టుకున్న. బావ రోడ్డు మీదికెళ్లి మూడు లెక్కపెట్టిండు. అందరం ఒక్కసారే లేచినం. మొదటిసారి బండి ఊగింది. రెండోసారి ఇంకింత ఊగింది. మూడోసారి టైర్లు మామీద బురద కొట్టుకుంట పైకెక్కినయి. ఆనుకోను ఏం లేక మేమందరం ముందటికి బోర్లపడ్డం, ఒకని మీద ఒకడు. కింద ఉన్నది నేను. మీద ఉన్న గడ్డపాయన లేవకుండ నవ్వుతుండు. నా ఛాతి మీద ఆయన నవ్వు తెలుస్తుంది. ఎవనికీ ఏం కాలే. అంత బరువు కింద ఉండి కూడ నాకు భయం వెయ్యలే, ఎందుకో.

ఆ దినం నుంచి బాల్ నాకు వచ్చుడు మొదలైంది. అన్నీ ఒక్క దినంల సక్కగ కాలే. ప్రాక్టీసుల నేను ఇంకా అప్పుడప్పుడు చేతులు వెనుకకు తీసుకునేటోణ్ని. గడ్డపాయన కనిపెట్టి, రోజూ ఆఖరుకు నా ముందట నిలబడి, "పట్టు" అని ఉరికొచ్చేటోడు. లేసి దులుపుకొని మళ్ల వచ్చేటోడు. మిల్లుల పొద్దంత బేళ్లు ఎత్తిన మనిషి. అలిసిపోలేదా అని అడిగితే, "బేలు పడితే మాట్లాడది. నువ్వు మాట్లాడుతవు" అన్నడు. జమ్మికుంట పోయి ఆడినప్పుడు గెలిచినం. ఆ జట్టుకు అది మొదటి గెలుపు. తిరిగొచ్చేటప్పుడు డీసీఎం ఎనుక ఒకటే పాటలు, మరాఠీవి, తెలుగువి, ఏది ఏదో తెల్వకుంట.

ఆఖరుకు కరీంనగరోళ్లు ఆదిలాబాద్ వచ్చే ఐతారం రానే వచ్చింది. చర్చి అయినంక ఇంటికొచ్చి మేమందరం రొట్టెలు కొట్టినం. నేను కొట్టినవి గుండ్రంగ రాలేవని అక్క పక్కకు పెట్టింది. మావోళ్లు కిరాయి బండిల వచ్చి దిగిన్రు. దిగంగనే అందరు నా మీద పడి ఎగిరిన్రు. కెప్టెన్ ఒక్కడే దూరంగ నిలబడి చెయ్యి ఊపిండు.

గ్రౌండు ఒడ్డుకు కుర్చీలేసి బావ, అక్క, బావ వాళ్లవ్వ కూసున్నరు. ఆట మొదటి సగం సమానంగ నడిచింది. స్క్రమ్‌ల మావోళ్లకు ఎదురుగ తల పెట్టినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇన్నేండ్లు నా పక్కపొంటి నిలబడ్డ మొఖాలు ఎదురుంగ ఉన్నయి. ఒకడైతే, "అన్నం తింటున్నవా లేదా" అని గుసగుస అడిగిండు. సార్ విజిల్ ఊది, "ముచ్చట్లు తర్వాత" అన్నడు.

రెండో సగంల మావోళ్లు, అంటే కరీంనగరోళ్లు, ఒకటి ఎక్కువ కొట్టి ముందట పడ్డరు. ఇంకా జరసేపట్ల ఆట ముగుస్తదనంగ కెప్టెన్ బాల్ పట్టుకొని గీత దిక్కు వస్తుండు. వాడు ఉరికితే మా లీగుల పట్టుకునేటోళ్లు తక్కువ. వాని ముందట నేనే ఉన్న. వాడు నన్ను చూసిండు. పక్కకు తిరుగొచ్చు, తిరుగలే. సీదా నా మీదికే వచ్చిండు.

చప్పుడు అప్పుడు కూడ యాదికొచ్చింది. రాలేదంటే అబద్ధమయితది. గని దాని ఎంబడే భుజం కూడ పోయింది. నడుము కాడ చేతులు చుట్టి, తల పక్కకు పెట్టి, ఎత్తి పడేసిన. ఇద్దరం కలిసి గట్టి నేలమీద పడ్డం. బాల్ వాని చేతులకెళ్లి జారిపోయింది. దాన్ని ఎవలో ఎత్తుకొని ఉరికిన్రు, మిగిలినోళ్లందరు ఆ ఎనుక పోయిన్రు. మేమిద్దరమే మిగిలినం. వాడు కదుల్తలేడు. కండ్లు మూసుకున్నడు. నేను మోకాళ్ల మీద లేచి వాని మీదికి వంగిన.

"అరేయ్" అన్న. "అరేయ్, లేరా."

వాడు ఒక కన్ను తెరిచిండు. నోట్లకు పోయిన మట్టి ఉమ్మేసిండు. "ముట్టుకుంటున్నవని చెప్పిన్రు నాకు. నిజంగనే నమ్మి వచ్చిన" అన్నడు. తర్వాత నా చెయ్యి పట్టుకొని లేచి, నా ఈపు మీద ఒకటి గట్టిగ చరిసి, బాల్ దిక్కు ఉరికిండు.

బాల్ తీసుకపోయింది గడ్డపాయన. గ్రౌండు సగం దాటిండు. ఆ వయసుల, ఆ బరువుతోని అంత దూరం ఉరుకుతడని ఎవలూ అనుకోలే. గీతకు నాలుగడుగుల ఇవుతలనే పట్టుకున్నరు. సార్ విజిల్ ఊదిండు. ఓడినం. అయినా ఆదిలాబాదోళ్లందరు గడ్డపాయన్ను భుజాల మీదికి ఎత్తుకున్నరు. బావ ఒక్క చేత్తోని కుర్చీని ఎత్తి ఊపుతుండు.

బావ వాళ్లవ్వ నడుమల నిలబడి గట్టిగ అడిగింది, "జింకలే కా?"

కరీంనగరోళ్లకు మరాఠీ రాదు. మా కెప్టెన్ చుట్టు చూసి, "జింకలా? ఏవి, యాడున్నయి?" అన్నడు. ఆదిలాబాద్ అడవి జిల్లా గద, నిజంగనే వచ్చినయేమో అనుకున్నడు. అక్క నవ్వి నవ్వి కింద కూసున్నది. "గెలిచిన్రా అని అడుగుతుంది" అని చెప్పి, అత్త దిక్కు తిరిగి, "లేదత్తా, ఓడిన్రు" అన్నది.

"మరెందుకు ఎగురుతున్రు?" అన్నది ఆమె.

తినేటప్పుడు కెప్టెన్ వచ్చి నా పక్కకు కూసున్నడు. గుండ్రంగ రాని రొట్టెలు వాని పళ్లెంలకే పోయినయి. కొంచెంసేపు వంకాయ కూర గురించి మాట్లాడినం. తర్వాత వాడు పళ్లెంల చూసుకుంటనే, "ఎప్పుడొస్తవ్ రా?" అని అడిగిండు.

"పత్తి అయిపోంగనే."

"మెల్లగనే రా. ఈళ్లు మంచోళ్లే ఉన్నరు" అన్నడు. వాని మనసుల ఏమన్న ఉంటే అది ఆడికే పోయిందని తెల్సింది నాకు.

పత్తి తగ్గుముఖం పట్టేదాక ఉన్న. బావ పట్టీ ఇప్పిన్రు. చెయ్యి సన్నగైంది, మెల్లమెల్లగ పైకి లేపుడు మొదలుపెట్టిండు. నేను పోయే దినం బావ వాళ్లవ్వ తొవ్వల తినుమని రొట్టెలు, పచ్చికారం మూట కట్టిచ్చింది. జట్టోళ్లు మిల్లుకాడ నిలబడి చేతులూపిన్రు. ఘాట్ దిగుతుంటె చలి ఎనుకకే ఆగిపోయింది.

తర్వాతి ఏడు బావ మళ్ల ఆడిండు. ఇంకో ఏడు కూడ ఆడి, తనంతల తనే ఆపేసిండు. ఇప్పుడు లీగుల రిఫరీగ తిరుగుతుండు. నా తప్పులు ముందుగాల పట్టుకుంటడని నా అనుమానం. ఆదిలాబాద్ జట్టుకు ఇప్పుడు గడ్డపాయన్నే కెప్టెన్. గడ్డం మొత్తం తెల్లబడ్డది గని ముందు వరుస ఇడుస్తలేడు. నేను కరీంనగర్ ముందు వరుసల ఆడుత. స్క్రమ్ కట్టినప్పుడు ఇద్దరి తలలు పక్కపక్కనే ఇరుక్కుంటయి, ఆయన చెవి నా చెవికి రాసుకుంటది. తొయ్యుడు మొదలు కాకముందు ఒక నిమిషం ఆగాలె. ఆ నిమిషంల ఆయన ఊపిరి తీసుకుంట మెల్లగ అడుగుతడు.

"ఇంటికాడ మీ అవ్వ మంచిగున్నదా తమ్మీ?"

"మంచిగున్నదే. మీ పెద్దోడు?"

"పాసయిండు" అంటడు. అప్పుడు విజిల్ పడ్తది, మేం తొయ్యుడు మొదలుపెడ్తం.